బావేమో కూలర్ బిగిద్దామంటాడు, మెకానిక్కేమో ఆయిల్ ముట్టుకోవద్దంటాడు

ఈ ఉత్తరం రాసినాయన పేరు వేయొద్దన్నారు. ఆయనా, వాళ్ల అక్క భర్తా కలిసి మూడేళ్ల కిందట ఒక పాత వ్యాన్ కొన్నారు. ఆరు గేర్ల ఆటోమేటిక్, ఇప్పటికి 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే పని వాళ్లది. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, లైట్ స్టాండ్లు, ఒక చిన్న జనరేటర్, పైన ఇద్దరు ముగ్గురు మనుషులు, అంటే బండి ఏనాడూ ఖాళీగా కదలదు. బుకింగులూ లెక్కలూ బావ చూస్తాడు, డ్రైవింగ్ ఈయనది. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదట. కొండ ఎక్కేటప్పుడు ఓ అరగంట గడిచాక మొదలవుతుంది. గేర్లు ఊరికే మారుతూ ఉంటాయి, ఇంజిన్ అరుస్తుంది గానీ బండి అందుకోదు, కింద నుంచి మాడిన వాసన వస్తుంది. ఒకసారైతే గేర్‌బాక్స్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డు మీద లైటు కూడా వెలిగింది. పక్కకి ఆపి గంటసేపు ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

ఒక మెకానిక్ "గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌లో ఉన్న కూలర్ దేనికీ పనికిరాదు, దాన్ని వదిలేసి బయట పెద్దది పెట్టుకోండి" అన్నాడు. ఇంకో మెకానిక్ "ఇన్ని కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మారిస్తే గేర్లు జారడం మొదలవుతుంది, ముట్టుకోకండి" అన్నాడు. బండితో వచ్చిన పుస్తకంలో చూస్తే గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో అసలు రాయలేదు. ఈలోపు బావ ఒక కూలర్ కిట్ తెప్పించి, వచ్చే ఆదివారం మనమే బిగించేద్దాం అంటున్నాడు. ఈయనకేమో అమ్మేసి వేరేది కొనుక్కుందామని ఉంది. "ఆ మాటంటే నువ్వు ప్రతిదానికీ భయపడతావు అంటాడు. రాత్రిపూట బండి ఆగిపోతే రోడ్డు పక్కన నిలబడేది నేను కదా. అక్క ముందు ఈ గొడవ పెట్టలేను" అని రాశారు. కూలర్ పెట్టాలా, ఆయిల్ మార్చాలా, అమ్మేయాలా అని అడిగారు.

మీ ఉత్తరంలో ఉన్న ప్రతి సలహాలోనూ కొంత నిజం ఉంది, అందుకే మీకు ఎటూ తేలడం లేదు. కానీ వేడి, వేడి అంటున్నారే గానీ ఎంత వేడెక్కుతోందో ఇంతవరకూ ఒక్కరూ కొలవలేదు. ఆయిల్ ఎలా ఉందో కూడా ఎవరూ తీసి చూసినట్టు లేదు. ఈ రెండూ తెలియకుండా కూలర్ బిగించినా, అమ్మేసినా గుడ్డి నిర్ణయమే.

కొండ మీదే ఎందుకు వస్తోందో ముందు చెప్తాను. మీ గేర్‌బాక్స్‌కీ ఇంజిన్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఉంటుంది. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ని విసురుతాయి, ఆ తోపుడుకి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. రెండూ సరిగ్గా ఒకే వేగంతో తిరగవు, ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా తేలుతుంది. చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకోగానే లోపల లాకప్ క్లచ్ పడి రెండిటినీ ఒకటి చేస్తుంది, వేడి తగ్గిపోతుంది. నిండు బరువుతో, తక్కువ వేగంలో, మలుపులు తిరుగుతూ ఎక్కేటప్పుడు ఆ లాకప్ పడదు, పడినా నిలవదు. పైగా వేగం లేదు కాబట్టి ముందు నుంచి గాలి కూడా అంతంతమాత్రమే. అంటే మీరు చెప్పిన లక్షణాలకీ వేడికీ పొంతన కుదురుతోంది, మీ బావగారి అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు.

అయితే వేడి దానికదే రోగం కావచ్చు, లోపల ఇంకేదో పాడైతే దాని లక్షణమూ కావచ్చు. లాకప్ క్లచ్‌ని నడిపే సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్) పాడై ఉన్నా ఇలాగే వేడెక్కుతుంది, కాకపోతే అప్పుడు చదును రోడ్డు మీద కూడా ఎప్పుడూ ఉండే వేగానికి ఆర్పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, రెండు మూడు వందలు ఎక్కువగా కనబడుతుంది. గేర్‌బాక్స్ లోపల గేర్లని పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు అరిగి జారుతున్నా వేడే. ఆయిల్ తక్కువున్నా వేడే. ఇంకా చిన్న కారణం, రేడియేటర్ ముందు రెక్కల్లో దుమ్మూ పురుగులూ పేరుకుపోయి గాలి దూరకపోయినా వేడే. ఈ చివరిది నీళ్లు కొట్టి కడిగితే పోయే సమస్య, పైసా ఖర్చు లేదు, దీంతోనే మొదలుపెట్టండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, మామూలు పైపుతో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగండి. ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో లేదో కూడా అప్పుడే చూసేయొచ్చు.

తర్వాత ఆయిల్. మీ బండికి గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) ఉంటే మీ పని సులువు. ఓ పావుగంట ఇరవై నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేకు తొక్కి ఉంచి గేర్లన్నీ ఒక్కసారి అటూ ఇటూ తిప్పి పార్క్‌లో పెట్టండి. చాలా బళ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉండగానే లెవెల్ చూడాలి. కొన్నిట్లో న్యూట్రల్‌లో చూడమంటారు, కొన్ని కంపెనీలు ఇంజిన్ ఆపి చూడమంటాయి, కాబట్టి ఈ ఒక్క విషయానికి పుస్తకం తెరవండి. డిప్‌స్టిక్ లేకపోతే గేర్‌బాక్స్ పక్కన చెక్ ప్లగ్ ఉంటుంది. ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకి వచ్చినప్పుడు ప్లగ్ తీసి లెవెల్ చూస్తారు, అది బండిని సమంగా పైకెత్తి చేసే పని కాబట్టి గ్యారేజీకే వదిలేయండి.

డిప్‌స్టిక్ తీశాక గుడ్డకి తుడిచేయకండి. తెల్లటి టిష్యూ పేపర్ మీద ఒక చుక్క వేసి పది నిమిషాలు వదిలేయండి. మంచి ఆయిల్ ఎర్రగా, పల్చగా పాకుతుంది, మధ్యలో మచ్చ మిగలదు. వయసైపోయిన ఆయిల్ గోధుమ రంగులో ఉంటుంది, అయినా పాకుతుంది. బాగా మాడిన ఆయిల్ పెద్దగా పాకదు, మధ్యలో నల్లటి చుక్క అలాగే కూర్చుంటుంది, వాసన చూస్తే మాడిన టోస్ట్ గుర్తొస్తుంది. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి ఇసుకలాంటిది తగులుతుంటే అది క్లచ్ ప్లేట్ల పొడి.

ఇవేవీ కాకుండా లేత గులాబీ రంగులో, స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా కనిపిస్తే బండి కదపకండి. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ద్రవం గేర్‌బాక్స్‌లోకి వచ్చిందని అర్థం. కూలెంట్‌లో ఉండే నీళ్లూ గ్లైకాలూ క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొరని ఊడగొడతాయి, నడిపే ప్రతి కిలోమీటరూ నష్టమే. అప్పుడు మన చర్చ మొత్తం మారిపోతుంది, రేడియేటర్ మార్చడం, గేర్‌బాక్స్ విప్పడం దాకా వెళ్తుంది. మీరు చెప్పినవాటిలో ఆ సూచన లేదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఇప్పుడు ఆ రెండో మెకానిక్ మాట. పాత బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందనే మాట ఊరికే పుట్టలేదు. సాధారణంగా జనం ఆయిల్ గురించి ఎప్పుడు ఆలోచిస్తారు? గేర్లు జారడం మొదలయ్యాక. అప్పటికే ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి, ఆయిల్‌లో తేలుతున్న ఆ పొడే ఎలాగో పట్టు ఇస్తూ ఉంటుంది, దాన్ని తీసి కొత్త ఆయిల్ పోయగానే జారడం బయటపడుతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. కాబట్టి ఆయన మాట వర్తించేది చావుకి దగ్గరైన గేర్‌బాక్స్‌కి. చదును రోడ్డు మీద శుభ్రంగా నడుస్తున్న మీ బండి ఆ దశలో ఉందని నేననుకోవడం లేదు, కానీ టిష్యూ మీద చుక్కా, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పళ్లెంలోని అయస్కాంతమూ చెప్పాల్సిన మాట అది.

పుస్తకంలో కిలోమీటర్లు లేకపోవడం గురించి కూడా ఒక మాట. కొన్ని కంపెనీలు ఈ ఆయిల్‌ని జీవితకాలం అంటాయి, ఎవరి జీవితకాలమో మాత్రం చెప్పవు. అదే పుస్తకంలో "కఠిన వాడకం" అని ఇంకో పట్టిక ఉందేమో వెతకండి, నిండు బరువు, ట్రైలర్ లాగడం, కొండ దారులు, ఆగి ఆగి సాగే ట్రాఫిక్ అన్నీ అందులోకే వస్తాయి. అలాంటి వాడకానికి చాలా తయారీదారులు 50,000 కిలోమీటర్ల చుట్టుపక్కల మార్చమంటారు. మీది నిస్సందేహంగా ఆ పట్టిక బండి. ముందు యజమాని మార్చాడో లేదో మీకు తెలియదు, మీరు మార్చలేదు. ఫ్యాక్టరీలో పోసిన ఆయిలే ఇంకా తిరుగుతోందని అనుకుని నడుచుకోవడం మంచిది.

ఇప్పుడు మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, కింది పళ్లెం దించి, ఫిల్టర్ మార్చి, కారిన మేరకు కొత్తది పోయడం. ఇలా చేస్తే మొత్తం ఆయిల్‌లో మూడోవంతు నుంచి సగం దాకానే మారుతుంది, మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్ పైపుల్లోనూ ఉండిపోతుంది. కొన్ని వారాలు నడిపి మళ్లీ ఒకసారి, ఇంకోసారి దించి పోస్తే చాలావరకు కొత్తదవుతుంది. నెమ్మదైన పద్ధతి, నాకైతే మీ బండికి ఇదే నచ్చుతుంది, ఎందుకంటే మధ్యలో ఏదైనా తేడా కనిపిస్తే ఆగిపోవచ్చు. రెండోది మెషీన్ పెట్టి ఒకేసారి మొత్తం మార్చడం. బాగా చేసేవాళ్ల చేతిలో మంచిదే, పళ్లెం దించకుండా, ఫిల్టర్ ముట్టకుండా మెషీన్ తగిలించి పంపేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మూడోది ఏమీ చేయకపోవడం, ఆయిల్ బాగా మాడి పొడి కనిపిస్తుంటే కొందరు ఎంచుకునేది. ఉన్నన్నాళ్లు నడిపి, రిపేరుకి డబ్బు పక్కన పెట్టుకుంటారు. అది తప్పనను, కానీ అప్పుడు ఆ బండిని కొండెక్కించకూడదు.

పళ్లెం దించిన రోజు మీరు దగ్గరుండండి. అందులో అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఒక పొరలా పట్టి ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఇన్నేళ్ల మామూలు అరుగుదల అది. గోరుతో గీరితే ముక్కలు తగులుతున్నాయా, పెంకుల్లాగా మెరిసే లోహం ఉందా, పళ్లెం అడుగున నల్లటి మడ్డి దిగిందా అన్నది చూడండి. ఒక ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత మీకూ మీ బావగారికీ మధ్య వాదన వస్తే అది మాట్లాడుతుంది.

ఇంకోటి, ఆయిల్ ఏది పోస్తున్నారు అన్నది ఎంత పోస్తున్నారు అన్నదానికన్నా ముఖ్యం. డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, ఏటీఎఫ్ ప్లస్ 4, టయోటా డబ్ల్యూఎస్, ఇలా ఒక్కో గేర్‌బాక్స్‌కి ఒక్కో రకం. చిక్కదనం వేరు, క్లచ్ పట్టుకునే తీరు వేరు. "అన్నిటికీ ఇదే పోస్తాం సార్" అనే డబ్బా నుంచి పోయిస్తే లాకప్ పడేటప్పుడు బండి వణుకుతుంది, అప్పుడు మళ్లీ మొదటికొస్తాం. ఎక్కువ పోయడం కూడా ప్రమాదమే, తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగకి ప్రెషర్ నిలవదు. ఇది చదువుతున్న మిగతావాళ్లకి చిన్న హెచ్చరిక: సీవీటీకి (విడివిడి గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్‌కి) దాని ఆయిలే పోయాలి, క్లచ్ పెడల్ లేకుండా మామూలు గేర్‌బాక్స్‌నే మోటార్లు మార్చే ఏఎంటీ బళ్లకి ఇందులో చాలావరకు వర్తించదు.

ఇక కూలర్ దగ్గరికొద్దాం, కానీ కొలిచాకే. ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్‌ని చదవడానికి స్టీరింగ్ దగ్గర ఉండే సాకెట్‌లో) పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్, ఫోన్లో ఒక యాప్ ఉంటే చాలా బళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న పాత లోపాల కోడ్లు ఏమైనా దాక్కుని ఉంటే అవీ బయటపడతాయి. ఎప్పుడూ వేసే బరువుతోనే అదే కొండ ఒకసారి ఎక్కండి, ఫోను మీ బావగారి చేతిలో ఉంచండి, అంకెలు ఆయన్నే రాసుకోమనండి. 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. ఎక్కేటప్పుడు 105 దాకా వెళ్లి, పైకి చేరాక దిగిపోతుంటే నేనైతే కూలర్ కోసం పరిగెత్తను. 120 దాటి అక్కడే నిలబడుతుంటే ఆయిల్ వేగంగా పాడవుతోంది, 130 దాటితే లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడటం మొదలవుతుంది. మెకానిక్కుల మధ్య ఒక మోటు లెక్క ఉంది, 80 డిగ్రీల తర్వాత పెరిగే ప్రతి పది పదకొండు డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని. మోటుదే గానీ దిశ సరైనదే.

అంకెలు ఎక్కువగా ఉండి, ఆయిల్ మర్యాదగా ఉండి, కోడ్లు ఏమీ లేకపోతే అప్పుడు కూలర్ నిజంగా మీ సమస్యకి మందు. అంకెలు మామూలుగా ఉన్నా గేర్లు జారుతున్నాయంటే కూలర్ వల్ల ఒరిగేది ఏమీ లేదు, ఇంకొన్నాళ్లు రోగాన్ని కప్పిపెడుతుంది అంతే.

మొదటి మెకానిక్ చెప్పినట్టు రేడియేటర్‌లోని కూలర్‌ని పూర్తిగా తప్పించాలా? ఆయన ఆలోచన ఇది: దాని చుట్టూ ఉండే కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంతకన్నా కిందకి ఆయిల్‌ని దించలేదు, పైగా చిల్లుపడే ప్రమాదం. రెండూ నిజమే. కానీ అదే కూలర్ పొద్దున చల్లటి ఆయిల్‌ని త్వరగా వేడెక్కిస్తుంది, నీళ్లు కాబట్టి బండి నిలబడి ఉన్నా వేడి లాగుతుంది, గాలితో పనిచేసే కూలర్‌కి ఆ గుణం లేదు. చలి ఎక్కువుండే చోట రేడియేటర్‌ని తప్పిస్తే ఆయిల్ చిక్కగానే ఉండిపోయి గేర్లు మొరాయిస్తాయి. అందుకే నా ఓటు రెండూ ఉంచుకోవడానికి. గేర్‌బాక్స్ నుంచి ముందు రేడియేటర్‌కి, అక్కడి నుంచి కొత్త కూలర్‌కి, అక్కడి నుంచి వెనక్కి గేర్‌బాక్స్‌కి. రేడియేటర్ బాగా పాతదై నమ్మకం లేకపోతే తప్పించండి, అప్పుడు మాత్రం ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు దాన్ని కూలర్‌కి పంపకుండా తిప్పేసే, థర్మోస్టాట్ ఉన్న బైపాస్ వాల్వ్ ఒకటి మధ్యలో పెట్టించండి.

కిట్ ఎలాంటిదో మీరు రాయలేదు. పైపు మెలికలు తిరిగి ఉండేది చౌక, పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండేది మెరుగు. పెట్టె మీద ఎంత బరువు బండికో రాసి ఉంటుంది, సామాన్లూ మనుషులతో కలిపిన మీ బరువుకి సరిపోవాలి. కిట్‌లో రెక్కల మధ్య నుంచి గుచ్చి బిగించే ప్లాస్టిక్ పుల్లలు వస్తే వాటిని వాడకండి. బండి అదురుకి కూలర్ ఊగి, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌ని రాసి రాసి ఒకరోజు చిల్లు పెడుతుంది. రెండు ఇనప పట్టీలు కోయించి ఫ్రేముకి బిగించండి, కండెన్సర్‌కీ దీనికీ మధ్య ఓ వేలెడు సందు ఉంచండి, పైపు మూతులు పైకో పక్కకో ఉండాలి, కిందికి ఉంటే లోపల గాలి చిక్కుకుంటుంది.

అసలు ప్రమాదం గొట్టాల్లో ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ కోసమే చేసిన గొట్టం కావాలి, దాని మీద ఎస్ఏఈ జే 1532 అనే ప్రమాణం నంబరు అచ్చు ఉంటుంది. హీటర్ గొట్టం ఈ ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇనప పైపు కోయాల్సి వస్తే కోసిన చివరని అలాగే వదిలేయకూడదు, అంచు చుట్టూ చిన్న ఉబ్బు వచ్చేలా ఫ్లేర్ చేయించి, దాని మీదుగా గొట్టం ఎక్కించి, ఉబ్బు అవతల క్లాంపు బిగించాలి. నున్నటి పైపు మీద క్లాంపు ఎంత బిగించినా వేడికీ ప్రెషర్‌కీ ఒకరోజు జారుతుంది, జారిన కొద్దిసేపట్లోనే ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది, వేడి సైలెన్సర్ పైపు మీద పడితే మంటే. ఈ ఫ్లేర్ పనిముట్టు మీ దగ్గర లేకపోతే ఆదివారం ఇంటి ముందు చేసే పని కాదిది. కూలర్ బిగింపు మీరిద్దరూ చేసుకుని, పైపుల పని గ్యారేజీకి ఇవ్వొచ్చు, మీ బావగారి సరదా కూడా చెడదు.

బిగించాక ఆయిల్ లెవెల్ కచ్చితంగా తగ్గుతుంది, కొత్త కూలరూ గొట్టాలూ కొంత తాగుతాయి. మళ్లీ చూసి కొద్దికొద్దిగా కలపండి. మొదటి వారం రోజూ రాత్రి బండి పెట్టాక కింద అట్టముక్క పరిచి పొద్దున చుక్కలు చూడండి.

ఇదంతా తేలేలోపు కొండెక్కక తప్పకపోతే, గేరు దానంతటదే మారుతూ ఉండనివ్వకుండా కింది గేర్‌లో నిలపండి. బరువు లాగేటప్పుడు వాడే టో మోడ్ లాంటి బటన్ ఉంటే నొక్కండి. వాలు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు వాడండి. వేడి లైటు వస్తే పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయకండి. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, కాస్త రేజ్ చేసి 1200 ఆర్పీఎం దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే పంపు వేడి ఆయిల్‌ని కూలర్ గుండా తిప్పుతుంది. ఇంజిన్ ఆపేస్తే ఆ పంపూ ఆగిపోతుంది. ఆయిల్ కారుతున్నా, పొగ వస్తున్నా, ఇంజిన్ వేడి ముల్లు కూడా ఎక్కేసినా మాత్రం ఇవేవీ చేయకుండా ఆపేయండి. కుదిరితే జనరేటర్‌ని వేరే బండిలో పంపండి.

మీ బావగారి సంగతి. ఆయన మిమ్మల్ని భయస్తుడు అంటున్నాడంటే, మీరు ఆయన కొన్న వస్తువుని వద్దంటున్నారని ఆయనకి వినిపిస్తోంది. "కూలర్ వద్దు" అనకండి, "బిగించే ముందు ఒకసారి కొలుద్దాం, నువ్వే చూడు" అనండి. ఇందులో అక్కని లాగాల్సిన పని లేదు. ఒక షరతు మాత్రం ముందే గట్టిగా పెట్టండి: స్టీరింగ్ మీ చేతిలో ఉన్నంతకాలం, లైటు వెలిగాక ముందుకెళ్లాలా ఆగాలా అన్నది మీ నిర్ణయం, ఆ రోజు బుకింగ్ పోయినా సరే. పని దొరికించుకునేది ఆయన కాబట్టి ఇది ఆయనకి కష్టంగానే ఉంటుంది, అయినా తప్పదు.

అమ్మకం ఆఖరికి పెట్టుకోండి. రేడియేటర్ కడిగి, ఆయిల్ చూసి, ఒక కొండ కొలిస్తే వారంలో మీకు తెలిసిపోతుంది. ముక్కలు కనిపించి, ఆయిల్ నల్లగా ఉండి, గేర్‌బాక్స్ విప్పక తప్పదని తేలితే రిపేరు ఎస్టిమేట్ రాయించుకుని, బండికి ఇప్పుడొచ్చే ధర పక్కన పెట్టి ఇద్దరూ కూర్చుని చూడండి. అప్పుడు అమ్మినా తప్పు లేదు, కానీ కొనేవాడికి కొండ సంగతి చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మండి. అలా కాకుండా వేడి ఒక్కటే సమస్య అని తేలితే, ఆయిల్, ఫిల్టర్, సరిగ్గా బిగించిన కూలర్, ఈ మూడింటి ఖర్చు ఇంకో పాత వ్యాన్ కొనే ఖర్చు ముందు చాలా చిన్నది, పైగా ఆ కొత్తగా కొన్న పాతదాని గేర్‌బాక్స్ ఆయిల్ ఎవరు ఎప్పుడు మార్చారో కూడా మీకు తెలియదు.